ఆట ఆగదు... అన్నం చల్లారిపోతుంది!

ఆటలంటే పిల్లలవి, ఆడుతున్న పిల్లల్ని లేపి పుస్తకాల ముందు కూర్చోబెట్టడం పెద్దవాళ్ళ పని. ఇన్నాళ్ళూ మనకు తెలిసిన లెక్క ఇదే. ఇప్పుడా లెక్క తారుమారైంది. ముప్ఫై దాటిన మగవాళ్ళు, నలభైకి దగ్గరపడిన ఆడవాళ్ళు, నెల జీతం తెచ్చేవాళ్ళు, ఇంటి అప్పుకు వాయిదాలు కట్టేవాళ్ళు... వీళ్ళంతా ఫోన్లో ఆడుతున్నారు. అదీ ఒంటరిగా కాదు, ఊరికొకరు చొప్పున కలిసిన జట్లతో. పిల్లల్ని "చాల్లే, లెయ్" అనడానికి మనమున్నాం. మరి పెద్దవాళ్ళను ఎవరు లేపాలి? అసలు లేపాలా, వద్దా?

ఇదేదో హైదరాబాదు, బెంగుళూరు గొడవ అనుకోకండి. మా అనంతపురం వీధుల్లో రాత్రి పదిన్నరకు నడిచి చూడండి. మిద్దెల మీద చీకట్లో వెలిగే ఫోన్లు కనిపిస్తాయి. "రారా... వెనకాల ఉన్నాడు... మందియ్యి, మందియ్యి!" అన్న కేకలు వినిపిస్తాయి. ఎవరికో ఒంట్లో బాగాలేదని కంగారు పడకండి. అది ఆటలో దెబ్బ తగిలినవాడికి ఇచ్చే మందు!

ఆటకూ ఒక కాలముండేది

మాది వానలు మొహం చాటేసే సీమ. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడితే అదే గొప్ప. జూన్, జూలైలలో నాలుగు చినుకులు రాలితే చెనక్కాయ విత్తుతారు. పంట చేతికొచ్చినా రాకున్నా కార్తీకం నాటికి చేను ఖాళీ అయిపోతుంది. ఇక మళ్ళీ మబ్బు పట్టేదాకా రచ్చబండ మీద పులి-మేక, బారాకట్ట. ఇంట్లో ఆడవాళ్ళకు మధ్యాహ్నం పూట వామనగుంటలు, అచ్చనగాయలు. చింతగింజలు, గవ్వలు, రాళ్ళు... అంతకు మించి పెట్టుబడి లేదు. పని పిలిస్తే గింజలు కొంగులో పోసుకుని లేచిపోయేవాళ్ళు. ఎక్కడ ఆపితే అక్కడే ఆగేది ఆట.

ఇప్పుడు కాలం మారింది, పనులూ మారాయి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కియా కార్ల ఫ్యాక్టరీ ఉత్పత్తి మొదలుపెట్టింది. ఆ చుట్టుపక్కల విడిభాగాల కంపెనీలు వచ్చాయి. షిఫ్టు ఉద్యోగాలు వచ్చాయి. 2020 లాక్‌డౌన్ తర్వాత ఇంటి నుంచే కంప్యూటర్ ఉద్యోగం చేసే కుర్రాళ్ళు పెరిగారు. వీళ్ళ పనికి వర్షాకాలం, ఎండాకాలం లేవు. ఆటకూ లేవు. తమాషా ఏమిటంటే, ఫోన్ ఆటల్లోనే 'సీజన్' అని ఒకటుంటుంది. మన చేనికి సీజన్ ఎప్పుడొస్తుందో ఆ మబ్బుకే తెలియాలి గానీ, ఫోన్ ఆటకు మాత్రం ఫలానా తేదీకి మొదలు, ఫలానా తేదీకి ఆఖరు. ఆ లోపల రోజూ వచ్చి ఇచ్చిన పనులు పూర్తి చేస్తేనే బహుమతులు. ఒక్కరోజు తప్పితే వెనకబడిపోతామేమోనన్న ఆదుర్దా. బడికి హాజరు పట్టీ ఉన్నట్టు ఆటకూ హాజరు పట్టీ!

"మధ్యలో లేస్తే ముగ్గురు చస్తారక్కా!"

మా తమ్ముడు బెంగుళూరు కంపెనీ ఉద్యోగం ఇక్కడ మా పుట్టింటి నుంచే చేస్తాడు. రాత్రి పదికి అతని జట్టు కూడుతుంది. నలుగురిలో ఒకరు ధర్మవరంలో పట్టుచీరల అంగడి చూసుకునే స్నేహితుడు. ఒకరు బెంగుళూరు. ఇంకొకరు అమెరికాలో డల్లాస్. మనకు రాత్రి పది అంటే అక్కడ వేసవిలో ఉదయం పదకొండున్నర. ఆయన శని, ఆదివారాలు మాత్రమే దొరుకుతాడు. ఆయన దొరికిన రోజున మిగతా ముగ్గురూ ఇంకెక్కడికీ కదలరు.

ఒకసారి నేను పుట్టింటికి వెళ్ళినప్పుడు మరదలు మూడుసార్లు భోజనానికి పిలిచింది. నాలుగోసారి నేను వెళ్ళాను.

"ఏందిరా, ఆ పిల్ల ఎంతసేపని కాసుకోనుండాల?"

"ఐదు నిమిషాలక్కా. ఇప్పుడు లేస్తే ముగ్గురు చస్తారు!"

"నీ కోసం కూర్చుంటే ఇక్కడ ఇద్దరు పస్తుంటారు," అన్నాను.

నవ్వాడు గానీ లేవలేదు. ఆట అయ్యాక కూర్చోబెట్టి అడిగితే విషయం వివరంగా చెప్పాడు. అతను ఆడేది బీజీఎంఐ. వందమంది ఒక దీవిలో దిగుతారు, చివరికి మిగిలిన జట్టు గెలుస్తుంది. పెద్ద దీవి ఆట అయితే సుమారు అరగంట. ఆ అరగంటలో 'కాసేపు ఆపు' అనే మీట లేదు. ఎందుకుంటుంది? వందమందినీ ఆపాలి కదా! టీవీ సినిమా ఆగుతుంది, పుస్తకంలో పుటకు గుర్తు పెట్టుకోవచ్చు, పేకముక్కలు బోర్లించి లేవచ్చు. ఈ ఆట ఆగదు. కాబట్టి మనం "ఒక్క నిమిషం లేచి రా" అన్నప్పుడు వాళ్ళకు అది ఒక్క నిమిషంగా వినపడదు. జట్టును వదిలేసి రమ్మన్నట్టు వినపడుతుంది. వాళ్ళు "ఐదు నిమిషాలు" అన్నప్పుడు మనకేమో అది నిర్లక్ష్యంగా వినపడుతుంది. సగం కాపురాల్లో తగువు ఇక్కడే మొదలవుతోంది.

ఈ సంగతి తెలిశాక మా మరదలు ఒక పని చేసింది. పిలవడం మానేసి, ఆట మొదలవక ముందే అడగడం మొదలుపెట్టింది. "ఈ రోజు ఎన్ని ఆటలు? రెండా? అయితే పదకొండుకు పడక. భోజనం తొమ్మిదిన్నరకే. తొమ్మిదిన్నరకు రాకపోతే ఎవరి కంచం వాళ్ళే పెట్టుకోవాల." తొలి వారం కాస్త గొణిగాడు. ఇప్పుడు తొమ్మిదిన్నరకు తనే కంచాలు పెడుతున్నాడు.

ఎవరి గంట ఎవరు మోస్తున్నారు?

ఉద్యోగం చేసి వచ్చిన మనిషికి ఆట కూడదా? ఎందుకు కూడదు! రోజంతా మిషను ముందు నిలబడినవాడికీ, కంప్యూటర్ ముందు వంగినవాడికీ మనసు తేలికపడే గంట ఒకటి కావాలి. వెనక మన నాన్నలు క్లబ్బుకు పోయి పేకాడలేదా? క్యారమ్స్ ఆడలేదా? దూరానున్న స్నేహితులు రోజూ మాట్లాడుకునే చోటు ఈ ఆట ఒక్కటే అయినవాళ్ళూ ఉన్నారు.

నా ప్రశ్న అది కాదు. ఆ గంట ఎక్కడి నుంచి వస్తోంది?

కేంద్ర ప్రభుత్వం జరిపిన కాల వినియోగ సర్వే ఉంది. 2024 సర్వే ప్రకారం, ఆరేళ్ళు పైబడినవాళ్ళలో ఇంటి పనులు చేసే ఆడవాళ్ళు సగటున రోజుకు 289 నిమిషాలు జీతం లేని ఆ పనులకే పెడుతున్నారు. మగవాళ్ళు 88 నిమిషాలు. 2019 సర్వేలో ఈ అంకెలు 299, 97. అంటే ఐదేళ్ళలో ఆడవాళ్ళ చాకిరీ పది నిమిషాలు తగ్గితే, మగవాళ్ళ సాయమూ తొమ్మిది నిమిషాలు తగ్గింది! తేడా దాదాపు ఎక్కడిదక్కడే ఉంది. ఆయన రాత్రి రెండు గంటలు ఆడుతున్నాడంటే, ఆ రెండు గంటల్లో బిడ్డను నిద్రపుచ్చేది, గిన్నెలు కడిగేది, పొద్దున టిఫినుకు పిండి కలిపేది ఇంకొకరు. ఆయన ఆట ఉచితమే... ఆమె గంటల్లోంచి కట్టుకుంటున్నారు కాబట్టి.

మా వీధిలో ఒక అమ్మాయి ఉంది. భర్త షిఫ్టు ఉద్యోగి. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి కంపెనీ బస్సెక్కాలి. "రాత్రి ఒంటిగంట దాకా ఆడతాడక్కా. పొద్దున లేపేది నేనే. నేను లేపకపోతే బస్సు పోతుంది. బస్సు పోతే బండేసుకోని హైవే మీద పోతాడు, నిద్ర కళ్ళతో. ఫోన్ వచ్చేదాకా నాకు కాఫీ దిగదు" అంది. ఆమె ఆటలో లేదు. అయినా ఆ ఆటకు రోజూ కాపలా కాస్తున్నది ఆమే.

ఎండిపోని చేను

మగవాళ్ళ సంగతే చెప్పి ఊరుకుంటే అన్యాయం. మనవాళ్ళూ ఆడుతున్నారు. కాకపోతే మన ఆట ముక్కలు ముక్కలుగా ఉంటుంది. కుక్కర్ రెండో కూతకూ మూడో కూతకూ మధ్య, బిడ్డ ట్యూషన్ అయ్యేదాకా వీధి గడప దగ్గర, బస్సులో సీటు దొరికితే. మగవాడు రెండు గంటలు ఆడితే 'అలిసిపోయాడు పాపం', ఆడది పది నిమిషాలు చూస్తే 'ఎప్పుడూ ఫోనే!'

నాకు తెలిసిన ఒక ఉపాధ్యాయిని కళ్యాణదుర్గం వైపు పల్లెకు రోజూ బస్సులో వెళ్ళి వస్తారు. ఆ బస్సులో ఆమె ఆడేది 'హే డే' అనే వ్యవసాయం ఆట. ఫిన్లాండ్ దేశపు కంపెనీ 2012లో తెచ్చింది. గోధుమలు చల్లితే రెండు నిమిషాల్లో కోతకొస్తాయి. ఎన్నాళ్ళు కోయకపోయినా ఆ పంట వాడిపోదు. "మా నాయన నలభై ఏండ్లు చెనక్కాయ వేసినాడు. పండిన ఏడు వేళ్ళ మీద లెక్కపెట్టుకోవచ్చు. నేను చూసినదాంట్లో ఎండిపోని చేను ఇదొక్కటే," అన్నారామె నవ్వుతూ. నాకు మాత్రం నవ్వు రాలేదు.

అంతకు ముందు ఫేస్‌బుక్‌లో 'ఫామ్‌విల్' అని ఒకటుండేది. 2009లో వచ్చి, మరుసటేడాదికే నెలకు 8 కోట్లకు పైగా జనం ఆడిన ఆట. 2020 డిసెంబరు 31న మూతపడింది. అందులో వేళకు కోయకపోతే పంట వాడిపోయేది. నాలుగు గంటల పంట వేసినవాళ్ళు నాలుగు గంటలకొకసారి చూసుకోవాల్సిందే. ఆఫీసుల్లో పని మధ్య దొంగచాటుగా, అర్ధరాత్రి అలారం పెట్టుకుని మరీ కోసుకునేవాళ్ళు. నీళ్ళు లేక ఎండే చేలున్న మా ఊళ్ళో కూర్చుని వింటే ఇదెంత విడ్డూరమో చూడండి! ఒక ఆట వాడిపోయే పంటతో మనిషిని కట్టేస్తే, ఇంకొకటి వాడిపోని పంటతో మనిషిని వదిలేసింది. రెండూ వ్యవసాయం ఆటలే. తేడా అంతా, ఆట మన కోసం ఆగుతుందా, మనం ఆట కోసం ఆగాలా అన్నదే.

ఆ టీచరుగారికీ చిక్కు రాకపోలేదు. 'హే డే'లో ఇరుగుపొరుగు జట్లు ఉంటాయి. వారంవారం పోటీ జరుగుతుంది. మొదట ఆమె ఉన్న జట్టు వాట్సప్‌లో రోజూ సంజాయిషీ అడిగేదట. పరీక్ష పేపర్లు దిద్దే వారం కూడా "మీ పని పూర్తి కాలేదు మేడం" అని. "పై అధికారి ఒకరు చాలక ఇంకొకరా!" అనుకుని, ఉద్యోగాలు చేసుకునే ఆడవాళ్ళే ఉన్న మరో జట్టులోకి మారారు. అక్కడ నియమం ఒక్కటే: కుదరని వారం పోటీ నుంచి తప్పుకునే మీట నొక్కండి, ఎవరూ కారణం అడగరు.

తయారుచేసేవాళ్ళకూ తెలిసొచ్చింది

పనిచేసే మనిషికి వేళ కుదరదన్న సంగతి ఆటలు తయారుచేసేవాళ్ళకు ఎప్పుడో తెలిసింది. 2004లో అమెరికాలో మొదలైన 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' అనే ఆటలో పెద్ద యుద్ధాలకు నలభైమంది ఒకేసారి కూడాల్సి వచ్చేది. నలభైమందికి ఒకే సాయంత్రం ఖాళీ దొరకడమంటే పెళ్ళి ముహూర్తం కుదిరినంత పని! 2007లో దాన్ని ఇరవై అయిదుకు కుదించారు, 2008కి పదిమందితోనూ ఆడే వీలు కల్పించారు. ఆడకుండా విశ్రాంతి తీసుకుని వచ్చినవాళ్ళకు ఆ ఆటలో కొంతసేపు రెట్టింపు ఫలం కూడా ఉంది.

'క్లాష్ ఆఫ్ క్లాన్స్'లో జట్టు యుద్ధానికి ఒక పూర్తి రోజు గడువు. ఆ రోజంతటిలో ఒక్కొక్కరు చేయాల్సినవి రెండు దాడులు, ఒక్కోటి మూడు నిమిషాలకు మించదు. షిఫ్టు దిగాక చేసుకోవచ్చు, భోజనాల విరామంలోనూ చేసుకోవచ్చు. 'వర్డిల్' అనే ఇంగ్లీషు మాటల ఆట రోజుకు ఒకే ఒక్క పొడుపు ఇచ్చి "రేపు రండి" అంటుంది. జాష్ వార్డిల్ అనే ఆయన తన సహచరి కోసం దాన్ని తయారుచేశాడు. 2021లో లోకానికి తెలిసి, కోట్లమంది దాని వెంటపడ్డారు. ఇక చదరంగం సంగతి చెప్పనక్కర్లేదు. పూర్వం పోస్టుకార్డుల మీద ఎత్తులు రాసి పంపుకుంటూ నెలలపాటు ఒకే ఆట ఆడేవాళ్ళు. ఇప్పుడు ఫోన్లోనూ ఒక్కో ఎత్తుకు రోజుల గడువు పెట్టుకుని ఆడవచ్చు.

చదరంగమే వృత్తిగా పెట్టుకున్న మన కోనేరు హంపిని చూడండి. 2017లో తల్లి అయినప్పుడు దాదాపు రెండేళ్ళు పోటీలకు దూరంగా ఉన్నారు. తిరిగి వచ్చి 2019లో ప్రపంచ ర్యాపిడ్ విజేత అయ్యారు, 2024లో మళ్ళీ అయ్యారు. ఆట విడిచినంత మాత్రాన ఆట మనల్ని విడిచిపోదు.

చట్టం ఎంతవరకు?

పిల్లల ఆటకు చైనా 2021లో గట్టి హద్దు పెట్టింది. శుక్ర, శని, ఆదివారాల్లో, సెలవు రోజుల్లో రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది వరకే. మన దగ్గర బీజీఎంఐ 2022 జూలైలో ఆగిపోయి, 2023 మేలో తిరిగి వచ్చినప్పుడు పద్దెనిమిదేళ్ళ లోపువాళ్ళకు రోజుకు మూడు గంటలు, పెద్దవాళ్ళకు ఆరు గంటలు అని హద్దు పెట్టారు. ఆరు గంటలు! ఎనిమిది గంటల ఉద్యోగం, ఏడు గంటల నిద్ర పోతే రోజులో మిగిలేది తొమ్మిది. అందులో ఆరు ఆటకిస్తే స్నానం, భోజనం, ప్రయాణం, పెళ్ళాం బిడ్డలు అందరికీ కలిపి మూడు! పెద్దవాళ్ళ హద్దు పెద్దవాళ్ళే గీసుకోవాలి తప్ప ప్రభుత్వం గీసేది కాదని దీన్నిబట్టే తెలుస్తోంది.

డబ్బు పెట్టి ఆడే ఆటలు వేరు. ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను మన రాష్ట్రం 2020 సెప్టెంబరులోనే నిషేధించింది. దేశమంతటికీ వర్తించేలా డబ్బు ఆటలను నిషేధిస్తూ పార్లమెంటు చేసిన చట్టానికి 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం లభించింది. ఎవరైనా "గెలిస్తే డబ్బు" అన్నారంటే అక్కడ వేళల గురించి బేరాలు వద్దు, బయటికి రావడమే దారి.

మరి ఎప్పుడు భయపడాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లోకి వచ్చిన తన జబ్బుల జాబితాలో ఆట వ్యసనాన్ని చేర్చింది. ఆడేవాళ్ళలో కొద్దిమందికే ఇది వస్తుందని కూడా చెప్పింది. గుర్తులు మూడు. ఆట మీద అదుపు లేకపోవడం, మిగతా అన్నిటికంటే ఆటే ముఖ్యమైపోవడం, నష్టం కళ్ళెదుట కనపడుతున్నా మానలేకపోవడం. ఇవి మామూలుగా ఏడాదిపాటు కనిపిస్తే జబ్బు కింద లెక్క. రోజూ గంట ఆడే భర్తకు ఈ పేరు తగిలించకండి. ఉద్యోగం పోయే దాకా వచ్చినా లేవలేని మనిషి ఉంటే మాత్రం సిగ్గుపడి దాచకండి. టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. బెంగుళూరు నిమ్హాన్స్‌లో ఇందుకోసమే 2014 నుంచి షట్ క్లినిక్ ఉంది. మనకు అదేమీ దూరం కాదు.

మన ఇళ్ళలో ఏం చేయొచ్చు?

నేను చూసినవి, విన్నవి, నలుగురిళ్ళలో పనికొచ్చినవి చెబుతున్నాను.

ముందు ఆ ఆట ఏమిటో తెలుసుకోండి. మధ్యలో ఆగుతుందా, ఆగదా? ఒక్కోటి ఎంతసేపు? ఇది తెలిస్తే సగం తగువు తగ్గుతుంది. ఆగని ఆటకు మధ్యలో పిలవకండి, ముందే మాట తీసుకోండి. "ఎంతసేపు" అని కాకుండా "ఎన్ని ఆటలు" అని అడగండి. లెక్క తప్పదు.

భోజనం వేళ, బిడ్డ పడుకునే వేళ, తెల్లవారితే ఉద్యోగం ఉన్న రాత్రి... ఈ మూడింటికీ ఆట తావు ఇవ్వకూడదు. జట్టు వేరే దేశంలో ఉంటే ఉండనీయండి. రోజూ కుదరనివాళ్ళు వారానికి రెండు రాత్రులు ఖాయం చేసుకుంటారు. ఆ రెండు రాత్రులూ మీరు సణగకండి, మిగతా ఐదు రాత్రులూ వాళ్ళు ఫోన్ తీయకూడదు. పనీపాటా ఉన్నవాళ్ళ జట్టులో చేరడం అన్నిటికన్నా మేలు. వాళ్ళకూ కాపురాలుంటాయి!

వీలైతే ఇంటిల్లిపాదీ కలిసి ఆడే ఆట ఒకటి పెట్టుకోండి. లాక్‌డౌన్ రోజుల్లో 'లూడో కింగ్' ఎన్ని ఇళ్ళను కలిపిందో మీకూ గుర్తుండే ఉంటుంది. పరదేశంలో ఉన్న కొడుకూ కోడలూ శనివారం ఉదయం, ఇక్కడ అవ్వాతాతలూ శనివారం రాత్రి, ఒకే బల్ల మీద. మన బారాకట్టకు అది చెల్లెలే కదా.

అన్నిటికంటే ముఖ్యమైన మాట. ఆయన గంట రాసుకున్న కాగితం మీదే మీ గంట కూడా రాసుకోండి. అది ఆటకే కానక్కర్లేదు. నేను డిగ్రీ చదివి, పెళ్ళయ్యాక ఉద్యోగం చేయకుండా ఇంట్లో ఉండి కథలు రాసుకునేదాన్ని. మధ్యాహ్నం రెండు నుంచి మూడు వరకు నా గంట. ఆ వేళకు ఎవరైనా వచ్చినా, మా ఇంట్లో పిల్లలే "అమ్మ రాసుకుంటోంది, మూడు తర్వాత రండి" అంటారు. ఆ గంట నాకెవరూ పళ్ళెంలో పెట్టి ఇవ్వలేదు. అందరి ముందూ చెప్పి, రోజూ అదే వేళకు కూర్చుంటే నిలబడింది. ఆయన ఆడే రెండు గంటల్లో ఒక గంట గిన్నెల దగ్గరికి ఆయనే వెళ్తే, మీకూ ఆ గంట దొరుకుతుంది. సంగీతమో, చదువో, నిద్రో, లేదూ మీ చేనిలో గోధుమలు కోసుకోవడమో, అది మీ ఇష్టం.

ఈ ఆదివారం భోజనాలయ్యాక కాగితం, కలం తీసుకుని కూర్చోండి మరి. మొదటి గీతలో మీ పేరు, మీ వేళ రాయండి. తర్వాత ఆయన్ని అడగండి, వారానికి ఎన్ని ఆటలని.